అర మాత్ర నిద్ర

బెంగళూరు మారతహళ్లిలో త్రీ షేరింగ్ పీజీ గది పొద్దున తొమ్మిదింటికి ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. కిటికీకి దుప్పటి వేలాడదీసి బట్టల క్లిప్పులు పెట్టి ఉంటారు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాడు ముసుగు తన్ని పడుకుంటే, డే షిఫ్ట్ వాడు అలమర తలుపు ధడేలున వేసి బయల్దేరతాడు. కింద వంటింట్లో మిక్సీ, పైన నీళ్ల మోటారు. అనంతపురం నుంచో గుంటూరు నుంచో వచ్చి అమెరికా వేళలకు పనిచేసే మన పిల్లలు ఎందరికో ఇదే పడకగది. వాళ్లలో కొందరి దిండు పక్కకు కొన్నాళ్లకు ఒక స్ట్రిప్ చేరుతుంది. అల్‌ప్రజోలామ్, నిద్ర కోసం వేసుకునే మత్తు మాత్ర, పాయింట్ ఫైవ్ మిల్లీగ్రాములది. ‘అర మాత్రే కదా’ అంటారు.

ఆ అర మాత్ర గురించే మా బెంగ. ఎందుకంటే పగటి నిద్ర చెడటానికి అసలు కారణం ఒకటి, మాత్ర పనిచేసే చోటు ఇంకొకటి.

కళ్ల వెనక, రెండు చూపు నరాలు కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల నాడీకణాల చిన్న గుంపు ఉంది. ఒంటి గడియారం అదే. దాని ముల్లు తిప్పేది వెలుతురు. కణాల్లో ఈ గడియారం ఎలా ఆడుతుందో తేల్చినందుకే 2017లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఇది కాక నిద్రకు ఇంకో లెక్క ఉంది. మేలుకున్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ కళ్లు మూతలు పడతాయి. తెల్లారేదాకా పనిచేసినవాడికి ఆ పోగు నిండుగా ఉంటుంది కనుక పక్క ఎక్కగానే నిద్ర పడుతుంది. మూడు నాలుగు గంటల్లో పోగు తగ్గిపోతుంది. గడియారం మాత్రం మిట్టమధ్యాహ్నం అంటుంది. మెలకువ వచ్చేస్తుంది. ఇక ఎంత దొర్లినా లాభం ఉండదు.

ఈ గడియారాన్ని జరపొచ్చు, కానీ రోజుకు గంట, మహా అయితే గంటన్నర. అయిదు రాత్రులు కష్టపడి కాస్త జరిపిన ముల్లును వారాంతంలో ఊరెళ్లి అమ్మ లేపితే లేచి, అందరితో తిని, అందరితో పడుకుని మళ్లీ మొదటికి తెస్తున్నాం. మడివాళ దగ్గర శుక్రవారం రాత్రి బస్సులెక్కే నైట్ షిఫ్ట్ వాళ్లంతా సోమవారం మళ్లీ ఒకటో మెట్టు దగ్గరే నిలబడతారు. ఊరికి వెళ్లొద్దని ఎవరూ చెప్పలేరు, చెప్పినా ఎవరూ వినరు. కనీసం సెలవు రోజుల్లో కూడా తెల్లవారుజాము రెండు మూడింటికి పడుకుని పదీ పదకొండింటికి లేస్తే ముల్లు పూర్తిగా వెనక్కి పోదు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అనకుండా ఉండాలి.

కాఫీ సంగతి. కెఫీన్ అడెనోసిన్‌ను కరిగించదు, అది కూర్చోవాల్సిన కుర్చీలో తాను కూర్చుంటుంది. సగం దిగడానికి చాలామందిలో అయిదు గంటలు పడుతుంది. తెల్లవారుజాము 3 గంటలకు తాగిన కాఫీ 8 గంటలకు సగం ఒంట్లోనే ఉంటుంది. తాగేదేదో షిఫ్ట్ మొదటి సగంలో తాగాలి. క్యాబ్ దిగేదాకా నల్లద్దాలు పెట్టుకోవడం కూడా పనికొస్తుంది. పొద్దుటి ఎండే గడియారానికి గట్టి సంకేతం. సొంత బైకు మీద వచ్చేవాళ్లకు ఈ సలహా వర్తించదు. అసలు వాళ్లు బండి నడపకపోవడమే మేలు. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లోనే చూపారు. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 0.03.

ఇక మాత్ర. అల్‌ప్రజోలామ్ గడియారాన్ని ముట్టుకోదు. మెదడులో బ్రేకు లాంటి గాబా వ్యవస్థను నొక్కుతుంది, అంతే. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే మెదడు దానికి అలవాటుపడి సొంత బ్రేకు వదులు చేసుకుంటుంది. అప్పుడు అర చాలదు, ఒకటి కావాలి. ఒక రాత్రి ఆపితే గుండె దడ, చెమటలు, మునుపటి కంటే ఘోరమైన నిద్రలేమి. ‘చూశావా, మాత్ర లేకపోతే నాకు పట్టదు’ అనుకుంటారు. అది పాత జబ్బు కాదు, మాత్ర తెచ్చిన కొత్త జబ్బు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి ఇది చదివి రేపే స్ట్రిప్ చెత్తబుట్టలో పడేయకండి. డాక్టరు చూపులో ఉంటూ కొద్దికొద్దిగా, వారాల తరబడి తగ్గించుకోవాలి. దాని మీద పెగ్గు వేసుకోవడం అన్నింటికంటే ప్రమాదం. రెండూ ఒకే బ్రేకును నొక్కుతాయి, ఊపిరి మందగిస్తుంది. ఒక్క మద్యమే తాగినా, నిద్ర త్వరగా పట్టించి రెండో సగంలో చీలికలు పేలికలు చేస్తుంది.

నిద్ర తగ్గితే కోపం, భయం పుట్టించే అమిగ్డాలాకు పగ్గం సడలుతుంది. టీములో చిన్న మాటకే గొడవలు కొంత ఇందుకే. ఇంతకంటే జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. రెండు మూడు గంటలే పడుకుని అలసటే లేదంటూ, గడగడా మాట్లాడుతూ, అప్పు చేసి మరీ కొంటూ తిరుగుతుంటే అది హుషారు కాదు. మనసు ఉప్పొంగడం, కుంగిపోవడం మధ్య ఊగే బైపోలార్ జబ్బున్నవాళ్లలో నిద్రలేమే మానియాను, అంటే ఆ అదుపు తప్పిన ఉప్పొంగును రాజేయగలదు. ఫోనులో ఆ మాటల వేగం ముందు పసిగట్టేది కర్నూలులో ఉన్న అమ్మో అక్కో. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉన్నది ఇలాంటి వాళ్ల కోసమే. ఏం చేయాలో తోచకపోతే మానసిక ఆరోగ్య ఫోన్ సాయం టెలి మానస్ 14416కు చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులోనే మాట్లాడొచ్చు.

కంపెనీలు వారానికో షిఫ్ట్ మార్చేటప్పుడు పొద్దున, సాయంత్రం, రాత్రి అనే వరుసలోనే మార్చాలి. వెనక్కి తిప్పితే ఒళ్లు తట్టుకోదు. రెండు షిఫ్టుల నడుమ 11 గంటల విరామం ఇవ్వాలి. పీజీ యజమానులు నైట్ షిఫ్ట్ వాళ్లందరినీ ఒకే గదిలో ఉంచితే చాలు, దమ్మిడీ ఖర్చు లేదు.

మెడికల్ షాపుల విషయానికి కొత్త చట్టం అక్కర్లేదు. అల్‌ప్రజోలామ్, ఇంకో నిద్రమాత్ర జోల్పిడెమ్ 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉన్నాయి. చీటీ లేనిదే అమ్మకూడదు. చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు ఒక చేతిలో షాపు కొనుగోలు బిల్లులు, ఇంకో చేతిలో ఆ రిజిస్టరు పట్టుకుని, అరలో మిగిలిన స్ట్రిప్పులు లెక్కపెడితే తేడా అక్కడే తేలుతుంది. షాపుకు అరగంట పని.