ఒకసారి కమిషనా, జన్మజన్మల కమిషనా?

పెళ్ళిచూపుల్లో ‘అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?’ అని అడిగితే ‘లింకులు పంపిస్తుంటాడండీ’ అని తలెత్తుకుని చెప్పుకునే రోజు బెజవాడకు ఇంకా రాలేదు. ఆ రోజును కాస్త ముందుకు జరపడానికే ఈ వ్యాసం. పటమటలోనూ బ్రాడీపేటలోనూ టెలిగ్రాంలో డీల్స్ ఛానల్ పెట్టుకుని, ఎవరో కొన్న కుక్కర్ మీద తమకు రావాల్సిన నాలుగు రూపాయల కోసం డాష్‌బోర్డు రిఫ్రెష్ చేస్తూ కూర్చున్న యువతను జాతి పట్టించుకోవాలి. మన లింకు మీద ఎవరైనా కొంటే మనకు కమిషనిచ్చే పథకాలే అఫిలియేట్ ప్రోగ్రాంలు; వాటిలో ఏ దాంట్లో చేరితే కస్టమర్ పదికాలాల పాటు మనల్ని వదలకుండా ఉంటాడన్నదే వాళ్ళ దిగులంతా. అమెరికా గురువులు దీనికి వీడియోల మీద వీడియోలు చేసి జవాబు చెబుతున్నారు. కృష్ణకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్న గురువుల్ని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

అమెజాన్ తన అసోసియేట్స్ అనే అఫిలియేట్ ప్రోగ్రాంను 1996లో మొదలుపెట్టింది. బస్టాండు బయట అర్ధరాత్రి దిగిన ప్రయాణికుణ్ణి ‘మంచి లాడ్జి చూపిస్తా రండి సార్’ అని ఎక్కించుకునే ఆటో అన్నయ్య అప్పటికే ఈ రంగంలో సీనియర్. ప్రయాణికుడు మెట్లెక్కి గదిలోకి వెళ్తాడు, అన్నయ్య వాటా కౌంటర్ దాటి జేబులోకి వస్తుంది. గదిలో దోమలున్నాయా, వేణ్ణీళ్ళు వస్తాయా అన్నది ఇక అన్నయ్యకు సంబంధం లేని చరిత్ర. అమెజాన్ కూడా ఇక్కడ పెద్దగా కొత్తదనం చూపించలేదు. లింకు నొక్కిన 24 గంటల్లో కొంటేనే మన లెక్కలోకి వస్తుంది. ఆలోగా కార్టులో వేసి పెట్టుకుంటే మాత్రం 90 రోజుల దాకా ఆశ పెట్టుకోవచ్చు. ఇరవై నాలుగు గంటల సంబంధంలో నమ్మకం, అనుబంధం వెతకమని కుర్రాళ్ళకు బోధించడం నాకు కొంచెం క్రూరంగా అనిపిస్తుంది.

పెళ్ళిళ్ళ బ్రోకరుదీ ఇదే పద్ధతి. తాళి కట్టగానే లెక్క తేలిపోతుంది, ఆ తర్వాత ఆయన ఫోను ఎప్పుడూ కవరేజీలో ఉండదు. ఇప్పుడొక సంస్కరణ ఊహించండి. ప్రతి పెళ్ళిరోజుకీ ఆయనకు ఇంత శాతమని రాసుకున్నామనుకుందాం. ఆషాఢంలో అలిగి పుట్టింటికి వెళ్ళిన అమ్మాయిని బుజ్జగించి ఆయనే తీసుకొస్తాడు. అల్లుడి బైకు ఈఎంఐ సంగతి ఆయనే కనుక్కుంటాడు. అంతవరకూ బాగానే ఉంది. ఏదో ఒకనాడు ఆ అమ్మాయి ‘ఇక నావల్ల కాదు’ అని సూట్‌కేసు సర్దుకున్నప్పుడు గడపకు అడ్డంగా నిలబడేదీ ఆయనే. బుజ్జగించిన రోజూ, అడ్డం నిలబడ్డ రోజూ ఆయన పేరు రెన్యూవల్ కమిషనే.

గురువులు చెప్పే రహస్యం కూడా అదే. ఒక్కసారి డబ్బులిచ్చే ప్రోగ్రాం వద్దు, కస్టమర్ నెలనెలా కట్టినంత కాలం మనకూ నెలనెలా వచ్చే సాఫ్ట్‌వేర్లూ సబ్‌స్క్రిప్షన్లూ పట్టుకోమంటారు. కస్టమర్ సుఖంగా ఉంటేనే మన ఇల్లు గడుస్తుంది కాబట్టి అతని సుఖం మనమే చూసుకుంటామని తర్కం. తర్కం బలమైనదే. కాకపోతే నెలనెలా కట్టేవాళ్ళలో రెండు రకాలున్నారు. సరుకు నచ్చి కట్టేవాడొకడు, కడుతున్న సంగతే మర్చిపోయినవాడు ఇంకొకడు. కమిషన్‌కు ఇద్దరూ సమానమే. ఆ మాటకొస్తే రెండోవాడే ఉత్తముడు. ఫిర్యాదు చెయ్యడు, అర్ధరాత్రి మెసేజ్ పెట్టడు, రేటు పెంచినా ‘ఇదేంటండీ’ అనడు.

ఇంతటి పవిత్రమైన మరుపును ప్రభుత్వ సంస్థలు ఎలా భగ్నం చేశాయో చూడండి. కార్డు నుంచి ప్రతినెలా ఆటోమేటిగ్గా డబ్బులు లాక్కోవడానికి కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కు కబురు పంపాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమల్లోకి వచ్చింది. నిద్రపోతున్నవాణ్ణి లేపి ‘బాబూ, నిన్ను దోచుకోబోతున్నారు, సరేనా?’ అని అడగడం ఏ నాగరికత? అది చాలదన్నట్టు 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వెబ్‌సైట్లూ యాప్‌లూ కస్టమర్‌ను బుట్టలో వేసుకునే పదమూడు మాయల్ని డార్క్ ప్యాటర్న్స్ అని గుర్తించి నిషేధించింది. చేరడం సులువుగా, మానుకోవడం కష్టంగా పెట్టే సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అందులో ఒకటి. కస్టమర్‌ను పట్టి ఉంచే శాస్త్రంలో సగం సిలబస్ ఆ దెబ్బకు ఎగిరిపోయింది.

సిలబస్ మొత్తం చదవాలంటే గుంటూరు మిర్చి యార్డుకే వెళ్ళాలి. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే ఆ యార్డులోకి తేజ, ‘334’ అనే మిర్చి రకాల టిక్కీలతో (బస్తాలతో) లారీ దిగిన రైతు నేరుగా ఒకే కమిషన్ ఏజెంట్ కొట్టుకి వెళ్తాడు. వాళ్ళ నాన్న వెళ్ళిందీ అక్కడికే. ఈ యాప్ యుగంలో ఏ పాయింట్లూ, ఏ గోల్డ్ మెంబర్‌షిప్పూ లేకుండా రెండు తరాల లాయల్టీ ఎలా సాధ్యమైంది? విత్తనాలకూ పురుగుమందులకూ పెట్టుబడి కావాల్సినప్పుడు ఏజెంట్ అడ్వాన్సు ఇచ్చాడు. పంట చేతికొచ్చాక సరుకు ఆ కొట్టుకే రావాలి. లెక్క చూసుకున్నాక ఇంకా కొంత బాకీ మిగులుతుంది, ఆ బాకీతోనే వచ్చే ఏడాది లాయల్టీ రెన్యూవల్ అవుతుంది. నిబంధనలు చదివాను అని టిక్కు పెట్టమని కూడా ఎవరూ అడగరు.

వెటకారం పక్కన పెట్టి ఒక్క మాట ఆ ఏజెంట్ తరఫున చెప్పాలి. రైతుకు రేటు పెరిగితే ఆయన కమిషన్ కూడా పెరుగుతుంది, కాబట్టి కాగితం మీద ఇద్దరిదీ ఒకే దారి. చిక్కల్లా ఎక్కడంటే, రైతు సీజనులో కొన్నిసార్లే వస్తాడు, కొనే వ్యాపారి రోజూ ఎదురుగా కూర్చుంటాడు. ఎవరి మొహం ఎక్కువసార్లు చూడాలో వాళ్ళతో పేచీ పెట్టుకోవడం మనిషికి కష్టం. లింకులు పంపే కుర్రాడికీ ఇదే ఇరకాటం. చూసేవాళ్ళు అతన్ని నమ్ముతారు, డబ్బులు మాత్రం కంపెనీ పంపుతుంది.

ఇక ‘లాస్ట్ క్లిక్’ న్యాయం, అంటే కొనేముందు చివరి లింకు ఎవరిదైతే వాడికే కమిషన్. బేరాన్ని గంటసేపు ఒప్పించి వన్‌టౌన్ దాకా తెచ్చినవాడికి కాకుండా, వస్త్రలత మెట్ల మీద చివర్లో ‘రండమ్మా రండి’ అన్నవాడికే వాటా అంతా ఇవ్వడం. చాలా ప్రోగ్రాముల రాజ్యాంగం ఇదే. పేపాల్‌ వాళ్ళ హనీ అనే, బ్రౌజర్లో కూర్చుని డిస్కౌంట్ కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్ సరిగ్గా చివరి నిమిషంలో దూరి ఇతరుల కమిషన్ తన ఖాతాలో వేసుకుంటోందని 2024 డిసెంబరులో ఆరోపణలు గుప్పుమన్నాయి, అమెరికా కోర్టుల్లో కేసులు కూడా పడ్డాయి. మెట్ల మీద నిలబడే విద్య అంతదూరం పాకిందని మనవాళ్ళు గర్వించాలి.

కమిషన్ వస్తోందని బయటికి చెప్పాలన్న రూలు కూడా ఉంది. తప్పుదోవ పట్టించే ప్రచారం చేస్తే పది లక్షల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వెయ్యవచ్చని చట్టం. మనవాళ్ళు ‘నేను సొంతంగా ఆర్నెల్లు వాడి చెబుతున్నా’ అని గుండె మీద చెయ్యి వేసుకుంటారు. ఆ మిక్సీ మార్కెట్లోకి వచ్చి మూడు వారాలే అయుంటుంది.

అయినా నిజాయితీతో బతికిన ఒక కుర్రాడు అరండల్‌పేటలో ఉన్నాడని నేను ఊహించుకుంటాను. ‘బాబాయ్, మిక్సీ లింకు పంపాను. దీని మీద కొంటే నాకు కొంచెం కమిషన్ వస్తుంది’ అని ఉన్నదున్నట్టు చెప్పాడు.

‘ఎంతొస్తుందేంట్రా?’

‘రెండొందల దాకా రావొచ్చు బాబాయ్.’

‘అయితే అందులో సగం నాకు కొట్టు.’

కమిషన్ ఇలా పంచుకోవడం చాలా ప్రోగ్రాముల్లో నిషిద్ధం. ఆ సంగతి బాబాయికి చెప్పే ధైర్యం ఏ కంపెనీకీ లేదు. కుర్రాడు అప్పటికప్పుడు వంద ఫోన్‌పే చేశాడు. వారం తిరక్కుండా పిన్నికి మిక్సీ రంగు నచ్చలేదు, రిటర్న్ పెట్టారు. కంపెనీ కమిషన్ వెనక్కి తీసేసుకుంది. వంద మాత్రం బాబాయి దగ్గరే ఉండిపోయింది. దసరాకి ఫ్రిజ్ కొంటాడట, లింకు రెడీగా పెట్టుకోమన్నాడు.