ఒంటి నిండ సబ్బు, వైఫై లేదు

నల్లగొండల చలి ఉండేదే రెణ్నెల్లు. ఆ రెణ్నెల్ల కోసం మా ఎనకింటి సారుకు 25 లీటర్ల పాత గీజరును స్మార్ట్ చెయ్యాలని బుద్ధి పుట్టింది. సంక్రాంతికి అల్లుడు వస్తుండనంగ క్లాక్ టవర్ సెంటర్‌కు పోయి, ఫోన్ల యాప్‌తోని ఆన్ ఆఫ్ చేసే 16 యాంపుల వైఫై ప్లగ్గు తెచ్చిండు. 2000 వాట్ల గీజరు తొమ్మిది యాంపుల దాక గుంజుతది, 10 యాంపుల ప్లగ్గయితే అంచు మీదనే ఉంటది, వేడెక్కి కాలి వాసన రావొచ్చు. ఆడిదాక మంచిగనే ఉన్నది. బిగించనీకొచ్చిన ఎలక్ట్రీషియనే, గీజరు మూత ఇప్పి చూడలే. తలుపు బయటున్న పాత స్విచ్చును పీకేసి, వైరు డైరెక్టు చేసి, ప్లగ్గును పైన గీజరు పక్కన గుచ్చి, పైసలు జేబులేసుకొని పోయిండు.

భోగికి ముందు రాత్రి కరెంటు పోయొచ్చింది. కరెంటు వచ్చినంక ప్లగ్గు ఆన్‌ల లేవాల్నా ఆఫ్‌ల లేవాల్నా అన్నదానికి యాప్‌ల ఒక సెట్టింగుంటది. దాన్ని ఎవ్వరు ముట్టలే, ఆఫ్‌లనే లేచింది. అదే సాయంత్రం ఇంటర్నెట్ పిలగాడు కొత్త రౌటర్ పెట్టి పాస్‌వర్డ్ మార్చిపోయిండు. తెల్లారి, ట్యాంకుల మిగిలిన రాత్రి వేడి నాలుగు చెంబులకే అయిపోయి, అల్లుడు సబ్బు నురగల నిలవడ్డడు. యాపేమో ఆఫ్‌లైన్ అంటుంది.

ఆ ప్లగ్గుకు ఒక్కటే బటను. టక్కున నొక్కితే ఆన్. ఐదు సెకండ్లు పట్టి నొక్కితే పాత వైఫైని మర్చిపోయి కొత్తదాని కోసం మినుకుతది. ఈ ముచ్చట డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలల్ల రాసుంటది.

తడిచేత్తోని ప్లగ్గు ముట్టొద్దని తెలిసినోడు కాబట్టి, "ముందుగాల ఎంసీబీ దించుండ్రి మామా" అన్నడు అల్లుడు. కరెంటు బందు చేసే ఆ స్విచ్చును సారు దించిండు. దించితే ప్లగ్గుకు పాణం లేదు, బటను నొక్కినా లైటు రాదు. ఎత్తితే నొక్కనీకి భయం. దించు, ఎత్తు, మళ్ల దించు. ఈ ఎత్తుడు దించుడుల సబ్బు ఒంటి మీదనే ఎండింది. ఆఖరుకు అల్లుడు చేతులు తువ్వాలకు తుడుచుకొని ప్లాస్టిక్ స్టూలెక్కిండు. టక్కున నొక్కితే కథ ఆడనే అయిపోవు. "గట్టిగ పట్టి నొక్కుండ్రి అల్లుడుగారూ!" అని బయటికెల్లి సారు. పట్టి నొక్కిండు. లైటు మినికింది. ఇంకేముంది, మొదటికెల్లి జత చెయ్యాలె. ప్లగ్గుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే కనవడతది, సారు ఫోనేమో 5 గిగాహెర్ట్జ్ వైఫై మీదుంది. అది మార్చినంక లాగిన్ అడిగింది, ఓటీపీ హైదరాబాద్‌ల ఉన్న కొడుకు ఫోనుకు పోయింది. కొడుకు నిద్రల, ఫోను సైలెంట్‌ల.

అత్తమ్మ గ్యాస్ మీద బొగాణె పెట్టింది.

నల్లగొండ నీళ్లంటే అందరికి ఫ్లోరైడే యాదికొస్తది గని, గీజరును చంపేది అది కాదు, బోరు నీళ్లల్ల ఉండే కాల్షియం. నీళ్లు కాచే ఎలిమెంట్ మీద తెల్లగ పెచ్చు కడతది, దాని పక్కనుండి వేడి చూసి కరెంటు ఆపే థర్మోస్టాట్ నీళ్లు కాగకముందే కట్ చేస్తది. ఇసొంటి గీజరుకు పెచ్చు గీకి, ట్యాంకుకు తుప్పు పట్టకుండ తాను తినుకపోయిన మెగ్నీషియం రాడ్డు మార్చి, కొత్త థర్మోస్టాట్, కొత్త గ్యాస్కెట్ ఏస్తే చాలు. అన్నీ మంచిగుంటే 20 డిగ్రీల నీళ్లు 60కి రానీకి 2000 వాట్ల మీద ముప్పావుగంటకు లోపే. యాప్ ఏది పెట్టినా అంతకన్న జల్ది కాగవు.

ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే, పాత స్విచ్చు మళ్ల పెట్టనీకి కనుమ దాటినంక వస్తడట. విజిటింగ్ చార్జీ వేరే.