రాజుగారికి అతిథులు గిట్టరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పటి జర్మనీలోని బవేరియా రాజు రెండో లుడ్విగ్ గారు పెళ్ళి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశారు, ఇల్లు మాత్రం ఎవరెంత చెప్పినా ఆపలేదు. 1867 జనవరిలో సోఫీ అనే డచెస్‌తో నిశ్చితార్థం అయింది. పెళ్ళి తేదీని జరుపుతూ జరుపుతూ అక్టోబర్‌లో సంబంధాన్నే రద్దు చేసుకున్నారు. 1869 సెప్టెంబర్ 5న ఆల్ప్స్ అంచున ఒక కొండ కొమ్ము మీద కోటకు పునాది రాయి వేయించారు. అదే నోయ్‌ష్వాన్‌స్టైన్. పెళ్ళి వద్దనుకున్న మనిషి ఒంటరిగా బతకడానికి కట్టుకున్న ఆ ఇంటి ముందు ఇవాళ కొత్త జంటలు చేతులు పట్టుకుని ఫొటోలు దిగుతున్నాయి. ప్రపంచంలో ఇంతకంటే రొమాంటిక్ కోట లేదని అందరూ తీర్మానించారు.

తీర్మానించుకోనివ్వండి. నా అభ్యంతరం జంటల మీద కాదు, కొండ దిగుతూ వాళ్ళు చేసే ఫిర్యాదుల మీద. టికెట్ మీద టైం వేస్తారట, ఆ టైం దాటిపోతే టికెట్ చెల్లదట. లోపల ఫొటో తియ్యనివ్వరట. ఎక్కడా రెండు నిమిషాలు నిలబడనివ్వరట. కింద ఊరి నుంచి చెమటలు కక్కుతూ అరగంట ఎక్కి వస్తే, లోపల చూపించేదీ ఇంచుమించు అరగంటేనట. ఇదేం మర్యాద అని అడుగుతున్నారు.

ఇంతకు మించిన మర్యాద లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. రాజుగారి కోరిక ఒక్కటే: ఎవరూ రాకూడదు. వచ్చేవాళ్ళను ఆపడం నిర్వాహకుల చేతిలో లేదు, వేసవిలో రోజుకు ఆరు వేల మంది దాకా వస్తున్నారు. కాబట్టి చేతనైన పని చేస్తున్నారు, వచ్చినవాళ్ళను వీలైనంత త్వరగా పంపేస్తున్నారు. బతికుండగా ఆయన మంత్రులు కూడా ఇంత విధేయత చూపలేదు.

ఆయనకు మనుషులంటే ఎంత ఇష్టమో తెలియాలంటే ఇదే బవేరియాలో ఆయన కట్టించిన లిండర్‌హోఫ్ భవనం చూడాలి. అక్కడి భోజనాల బల్ల కింది అంతస్తులోకి దిగిపోయి, వంటకాలతో మళ్ళీ పైకి వస్తుంది. వడ్డించేవాడి ముఖం చూడాల్సిన పని లేకుండా ఏర్పాటు. మ్యూనిక్‌లో ఆయన ఒక్కరి కోసమే నాటకాలు, సంగీత నాటకాలు ఆడించుకున్నారు, అలాంటివి 200కు పైగా. హాలు మొత్తానికి ప్రేక్షకుడు ఒక్కడే. పక్క సీటువాడి దగ్గు వినకుండా నాటకం చూసిన భాగ్యశాలి! ఇలాంటి మనిషి ఇంటికి వెళ్ళి, కాసేపు కూర్చోమనలేదని అలగడం ఏం సంస్కారం? పైగా ఆయన రాత్రంతా మేలుకుని పగలు పడుకునేవారు. టూర్లు నడిచేదేమో పగలు. అంటే మనం వెళుతున్నది ఆయన నిద్రపోయే వేళకి.

ఇక లోపలి గదులు. సింహాసనపు గది రెండంతస్తుల ఎత్తు, తూర్పు రోమన్ సామ్రాజ్యం నాటి బైజాంటిన్ ధోరణి, నేల మీద జంతువులూ మొక్కలూ పరిచిన మొజాయిక్, పైనుంచి వేలాడే 96 కొవ్వొత్తుల షాండ్లియర్. ఎదురుగా తెల్లటి పాలరాతి మెట్లు, వాటికి అటూ ఇటూ పన్నెండుగురు అపొస్తలుల బొమ్మలు, పైన పునీతులైన ఆరుగురు రాజులు. ఇంతమంది ఇంత శ్రద్ధగా కాపలా కాస్తున్న ఆ మెట్ల పైన ఏముంది? ఏమీ లేదు. సింహాసనం రాకముందే రాజుగారు పోయారు, తర్వాత ఎవరూ చేయించలేదు. కుర్చీ లేకపోయినా ఇంత హుందాగా కనిపించే ప్రభుత్వ కార్యాలయం నేను మరొకటి ఎరగను.

గాయకుల హాలు సంగతి ఇంకా గంభీరమైనది. 27 మీటర్ల పొడవు, గోడల నిండా పార్జివాల్ అనే మధ్యయుగపు వీరుడి గాథ. ఆయన ఉన్నంత కాలం అందులో ఒక్క కచేరీ జరగలేదు. మొదటి కచేరీ 1933లో, జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ పోయి 50 ఏళ్ళయిన సందర్భంగా. ఆ వాగ్నర్ మీద భక్తితోనే కోట కట్టారు, ఆయన సంగీత నాటకాలకు మూలమైన గాథలే గదుల నిండా బొమ్మలుగా గీయించారు. వాగ్నర్ మాత్రం ఈ కోటలో అడుగు పెట్టకుండానే 1883లో కన్నుమూశారు. వచ్చి ఉంటే ఎంతసేపు ఉండనిచ్చేవారో చెప్పలేం.

పడకగది మంచం మీద చెక్కతో చెక్కిన శిఖరాలు చర్చి గోపురాల్లా లేచి ఉంటాయి. ఈ ఒక్క గది చెక్కపనికి 14 మంది నగిషీవాళ్ళు నాలుగేళ్ళకు పైగా పనిచేశారు. గోడల మీద ట్రిస్టన్, ఇసోల్డెల ప్రేమకథ. జంటలు ఇక్కడే నిట్టూరుస్తాయి. మంచం ఒక్కరికే అన్న విషయం గైడ్ చెప్పినా వినబడదు. ఇక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే కూర్చునే గదికీ చదువుకునే గదికీ మధ్య ఒక కొండ గుహ వస్తుంది. కొండ మీద కట్టిన ఇంట్లోకి గుహ కావాలంటే కొండలోకి తవ్వొచ్చు కదా అనుకుంటాం. అది సామాన్యుల ఆలోచన. రాజుగారు కృత్రిమ గుహ చేయించుకున్నారు.

మధ్యయుగపు వీరుల కోట చూశామని తృప్తిగా బయటికి వచ్చేవారికి ఒక విన్నపం. ఇది ఇటుకలతో కట్టి పైన సున్నపురాయి తొడిగిన భవనం. రాళ్ళు ఎత్తింది ఆవిరి క్రేన్. వేడిగాలితో గదులు వెచ్చబడేవి, అన్ని అంతస్తులకూ కుళాయి నీళ్ళు, ఫ్లష్ మరుగుదొడ్లు, నౌకర్లను పిలవడానికి కరెంటు గంటలు, ఆఖరికి టెలిఫోన్ కూడా. మనుషులే వద్దనుకున్న పెద్దమనిషి ఫోన్ ఎవరికి చేద్దామనుకున్నారో చరిత్రకారులు తేల్చాలి. బయటి రూపం గీసినవాడు క్రిస్టియన్ యాంక్, నాటకాలకు సెట్టింగులు వేసే చిత్రకారుడు. ముందు బొమ్మ, ఆ తర్వాతే ఇంజినీర్లు. 200కు పైగా గదులు అనుకుంటే పూర్తిగా ముస్తాబైనవి 15 దాకానే. దూరం నుంచి బాగుంటే చాలన్న ఈ దూరదృష్టి వల్లనే కోట కనిపించే మరియెన్‌బ్రూక్ వంతెన మీద ఫొటో కోసం అంత తోపులాట. అక్కడ నిలబడితే లోపల ఖాళీగా ఉన్న అంతస్తులు కనబడవు.

డబ్బు విషయంలో మాత్రం ఆయన్ని అన్యాయంగా ఆడిపోసుకున్నారు. మొదటి అంచనా 32 లక్షల మార్కులు, ఆయన పోయేనాటికి ఖర్చు 60 లక్షలు దాటింది. ఇల్లు కట్టినవాళ్ళెవరూ దీనికి ఆశ్చర్యపోరు. ఆయన వాడింది ఖజానా సొమ్ము కాదు, తన భత్యం, దాని మీద తెచ్చిన అప్పులు. 1885 నాటికి బాకీ కోటీ నలభై లక్షల మార్కులు. మంత్రులకు టెన్షన్ పట్టుకుంది. నలుగురు మానసిక వైద్యులు ఆయన్ని పరీక్షించకుండానే పిచ్చి అని రాసిచ్చారు. 1886 జూన్ 13న స్టార్న్‌బెర్గ్ సరస్సులో ఆయన శవం, ఆ నలుగురు వైద్యులకూ నాయకుడైన గుడెన్ శవం దొరికాయి. ఏం జరిగిందో ఇప్పటికీ తేలలేదు.

ఆగస్టు 1న, అంటే ఏడు వారాలకే, కోట తలుపులు తెరిచి టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. 1899కల్లా కోట కట్టడానికి చేసిన అప్పులు తీరిపోయాయి. వృథా అన్నవాళ్ళే వసూలు చేశారు. 2025లో ఈ కోట యునెస్కో జాబితాకు కూడా ఎక్కింది. పిచ్చి అని సంతకం పెట్టిన కాగితాన్ని ఇకనైనా ఆడిటర్ల చేత తిరగ రాయించాలని నా మొదటి డిమాండ్.

రెండో డిమాండ్ సిబ్బంది నియామకం గురించి. 1886 జూన్ 10 తెల్లవారుజామున రాజుగారిని పట్టుకుపోవడానికి అధికారులు ఈ కోట గుమ్మానికే వచ్చారు. వాళ్ళకి అడ్డుపడ్డది స్పెరా ఫాన్ ట్రుక్‌సెస్ అనే బారోనెస్. ఆవిడ గొడుగు తీసుకుని ఆ అధికారుల మీద పడింది. టికెట్ లేకుండా, టైం చూసుకోకుండా వచ్చినవాళ్ళతో ఎలా వ్యవహరించాలో ఆ కోట చరిత్రలో సరిగ్గా గ్రహించిన వ్యక్తి ఆవిడ ఒక్కతే. గుమ్మం దగ్గర ఇప్పుడున్న గేట్లూ స్కానర్లూ తీసేసి ఆవిడ పేరు మీద ఒక శాశ్వత ఉద్యోగం సృష్టించాలి. అర్హత: సొంత గొడుగు ఉండాలి.