ఎల్‌ఎల్‌సీ తెరిచినంత మాత్రాన 20 శాతం పన్ను తగ్గదు

అమెరికాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహా ఇది: "ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) తెరిచి ఫారం 8995 పెట్టండి, 20 శాతం ట్యాక్స్ మిగులుతుంది. 8995-ఎ పెద్ద కంపెనీలకు. కన్సల్టెంట్లకు ఇది రాదు. ఇండియాలో వచ్చే అద్దెకూ వర్తిస్తుంది. నష్టం వస్తే ఫారమే అక్కర్లేదు." ఇందులో నిజమల్లా ఆ 20 అనే అంకె ఒక్కటే. అదీ సగం నిజం.

సొంత వ్యాపారం లాభం మీద 2017 పన్ను చట్టం ఇచ్చిన ఈ మినహాయింపును (క్వాలిఫైడ్ బిజినెస్ ఇన్‌కమ్ డిడక్షన్; దీన్ని లెక్కగట్టే ఫారాలే 8995, 8995-ఎ) 2025 జులైలో శాశ్వతం చేశారు. దీనికి ఎల్‌ఎల్‌సీ అవసరం లేదు. సొంత పేరు మీద పని చేసి షెడ్యూల్ సి (వ్యాపారం లాభనష్టాలు చూపే ఫారం) నింపేవాళ్లకూ అంతే వస్తుంది. డబ్ల్యూ-2 జీతానికి, అంటే ఉద్యోగిగా వచ్చే జీతానికి మాత్రం రాదు. ఉద్యోగం మానేసి అదే కంపెనీకి అదే పని కాంట్రాక్టు మీద చేసినా, మూడేళ్ల వరకు మిమ్మల్ని ఉద్యోగి కిందే లెక్కేస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

ఇక 20 శాతం సంగతి. అది తగ్గేది పన్ను పడే ఆదాయంలోంచి, పన్నులోంచి కాదు. పెళ్లికాని ఒకతనికి 2025లో లక్ష డాలర్ల నికర లాభం వచ్చింది, వేరే ఆదాయం లేదనుకోండి. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్‌లో (సొంత పని చేసుకునేవాళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లకు కట్టేది) సగం, అంటే 7,065 డాలర్లు, ముందే తీసేయాలి. మిగిలిన 92,935లో 20 శాతం 18,587. కానీ స్టాండర్డ్ డిడక్షన్ 15,750 కూడా పోతే పన్ను పడే ఆదాయం 77,185, దాన్లో 20 శాతం 15,437. రెండిట్లో తక్కువదే ఇస్తారు. అతను 22 శాతం శ్లాబులో ఉన్నాడు కాబట్టి చేతికి మిగిలేది సుమారు 3,400 డాలర్లు. చిన్న మొత్తమేం కాదు, కానీ మెసేజ్ చదివినవాడు 20,000 మిగులుతుందని ఆశపడతాడు! పైగా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ దీనివల్ల పైసా తగ్గదు.

ఏ ఫారమో తేల్చేది వ్యాపారం సైజు కాదు. ఈ మినహాయింపు తీయకముందు రిటర్న్‌లో పన్ను పడే మొత్తం ఆదాయం ఎంతో చూడాలి. 2025కి 197,300 డాలర్లు, దంపతులు కలిసి వేస్తే 394,600 దాటకపోతే 8995, దాటితే 8995-ఎ. వ్యవసాయ సహకార సంఘంలో సభ్యులైతే ఆదాయం ఎంతున్నా 8995-ఎ నే. భర్త జీతం 4,20,000, భార్య ఇంటి నుంచి పచ్చళ్లమ్మి 30,000 లాభం చేసిందనుకోండి. వ్యాపారం చిన్నదే, అయినా వాళ్లకు 8995-ఎ. జీతాలిచ్చి పెట్టుకున్న పనివాళ్లు లేకపోతే మినహాయింపులో కొంత కోత కూడా పడుతుంది.

కన్సల్టెంట్లకు రాదన్నది ఆ పరిమితి దాటినవాళ్ల విషయం. దాటాక క్రమంగా తగ్గుతూ, 2025 లెక్కల్లో ఒంటరివాళ్లకు 247,300 దగ్గర, దంపతులకు 494,600 దగ్గర పూర్తిగా పోతుంది. పరిమితి లోపల ఉంటే కన్సల్టెంట్‌కైనా డాక్టర్‌కైనా లాయర్‌కైనా పూర్తిగా వస్తుంది.

హైదరాబాద్ ఫ్లాట్ అద్దె? రాదు. అమెరికాలో చేసే వ్యాపారానికి ముడిపడిన ఆదాయమే దీని కిందికి వస్తుంది. ఆ అద్దెను అమెరికా రిటర్న్‌లో చూపించాలి, అది వేరే మాట.

నష్టం వచ్చిన ఏడాదీ ఫారం నింపాల్సిందే. ఆ నష్టం తర్వాతి ఏడాదికి వెళ్లి అప్పుడు ఈ మినహాయింపుకు లెక్కలోకి వచ్చే ఆదాయాన్ని తగ్గిస్తుంది. ఫారం పెట్టలేదు కదా అని పై ఏడాది లాభం మొత్తం మీద 20 శాతం వేసుకుంటే లెక్క తప్పు.