తూకం సరే, దించేదెవరు?

లారీని పక్కకు తీసి, కాటా ఎక్కించి, చీటీ రాయించుకునే రోజులు పోతున్నాయి. టోల్‌గేటు దగ్గర బండి మెల్లగా కదులుతుండగానే, రోడ్డులో పాతిన సెన్సర్లు ఒక్కో ఇరుసు మీద ఎంత బరువుందో లెక్కగట్టి తెర మీద చూపిస్తున్నాయి. ఓవర్‌లోడ్ అని తేలుతుంది. టోల్ ఎక్కువ పడుతుంది. గేటు లేస్తుంది, లారీ అదే లోడుతో సాగిపోతుంది. ఇలా వదిలేసేదానికి అంత ఖరీదైన యంత్రం దేనికి?

చట్టంలో లోటేమీ లేదు. మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్‌ను 2019లో సవరించి జరిమానాను 2 వేల రూపాయల నుంచి 20 వేలకు పెంచారు. ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు. తూకానికి ఒప్పుకోకపోతే 40 వేలు. వీటికన్నా ముఖ్యమైన మాట అదే సెక్షన్‌లో ఉంది: ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలకూడదు. డబ్బు కట్టించుకుని ఓవర్‌లోడ్ బండిని వదిలేయడం కుదరదని పరమ్‌జిత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167-ఏ చేరాక, కదిలే బండిని తూచే యంత్రం కూడా స్పీడ్ కెమెరా వరుసలోకి వచ్చింది. దాని లెక్కను బట్టి చలానా రాయొచ్చు.

కానీ దించాలంటే గేటు పక్కన జాగా కావాలి, హమాలీలు కావాలి, దించిన సరుకుకు కాపలా కావాలి. టోల్ వసూలు చేసే కంపెనీకి ఆ తలనొప్పి ఎందుకు? వెనక క్యూ పెరిగితే దానికే టెన్షన్. బండిని ఆపే అధికారం ఉన్న రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ ఆ సమయంలో ఇంకెక్కడో ఉంటాడు. చివరికి జరిమానా కూడా డీజిల్, టైర్ల లాగే ట్రిప్పు ఖర్చుల్లో ఒకటైపోయింది.

ఓవర్‌లోడ్‌తో రోడ్డు పాడయ్యే ఖర్చు మాత్రం అందరి మీదా పడుతోంది. నాలుగు టైర్ల ఇరుసు మోయగల బరువును కేంద్రం 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. దాని మీద ఇంకో రెండున్నర టన్నులు వేస్తే బరువు ఐదో వంతే కదా పెరిగింది అనిపిస్తుంది. రోడ్డు లెక్క వేరు. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయిస్‌లో లారీలను తిప్పి తిప్పి చూసి ఇంజినీర్లు తేల్చిందేమిటంటే, రోడ్డుకు తగిలే దెబ్బ బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 14 టన్నుల ఇరుసు చేసే నష్టం 11.5 టన్నుల ఇరుసు చేసేదానికి రెండింతల పైమాటే.

యంత్రం చెప్పిందే వేదమని మేమనడం లేదు. కదిలే లారీ స్ప్రింగుల మీద ఎగిరెగిరి పడుతుంది. బ్రేకు నొక్కితే బరువు ముందు ఇరుసు మీదికి జరుగుతుంది. సెన్సర్లకు అటూ ఇటూ రోడ్డు నున్నగా లేకపోతే అంకె తప్పుతుంది. ఓవర్‌లోడ్ లారీలు గతుకులు చేసిన రోడ్డు మీద ఓవర్‌లోడ్ లారీని సరిగ్గా తూచడం కష్టమే మరి! అందుకే అనుమానం వచ్చిన బండిని తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా మీద మళ్లీ తూచాలి. ఆ కాటా, సరుకు దించే జాగా రెండూ ఒకేచోట ఉండాలి. టోల్ ఒప్పందాల్లోనే ఇది రాయించుకోవాలి.

ఇంకో సంగతి. తూకం ఎంతయినా తిట్లు తినేది డ్రైవరే. చట్టం మాత్రం నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ, నడపనిచ్చినవాడినీ బాధ్యుడంటోంది. క్వారీ నుంచి బయల్దేరే టిప్పర్‌కు రవాణా పర్మిట్ ఉంటుంది, అందులో ఎంత సరుకో రాసి ఉంటుంది. ఆ అంకెను టోల్‌గేటు అంకెతో పోల్చి చూడాలి. తేడా కనిపిస్తే విచారణ క్వారీ ఆఫీసులోనే మొదలుపెట్టాలి.