ఆ నంబరు ఎవరి కంట పడుతోంది?

సిగరెట్ పెట్టె మీద భయపెట్టే బొమ్మతో పాటు ఒక నంబరు ఉంటుంది: 1800-11-2356. పొగాకు మానాలనుకునేవాళ్లు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. 2016లో ఢిల్లీలోని వల్లభాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైన సేవ ఇది. తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వంటి చోట్లకు విస్తరించింది. 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరును పొగాకు ప్యాకెట్ల మీద ముద్రిస్తున్నారు.

ఫోన్ చేసేవాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే. వాళ్లలో కుర్రాళ్లే ఎక్కువ. దేశంలో ఆడవాళ్లు పొగాకు జోలికి పోరనుకుంటే పొరపాటు. 2016-17 జాతీయ సర్వే లెక్కన మగవాళ్లలో 42.4 శాతం, ఆడవాళ్లలో 14.2 శాతం పొగాకు వాడుతున్నారు. అంటే సుమారు ముగ్గురు మగవాళ్లకు ఒక స్త్రీ. ఫోన్ల దగ్గరకొచ్చేసరికి ఆ స్త్రీ కనిపించదు.

నా ఉద్దేశంలో తప్పు ఆమెది కాదు, నంబరు ఉన్న చోటుది. పెట్టె కొన్నవాడికే పెట్టె మీది అక్షరాలు కనిపిస్తాయి. బడ్డీ కొట్టు దగ్గర ఒక్క సిగరెట్ విడిగా కొని, అక్కడే వేలాడే లైటర్‌తో వెలిగించుకుని పనిలోకి పోయే కూలీ చేతికి ఆ పెట్టె రాదు.

శ్రీకాకుళం వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద పుళ్లు, మచ్చలు వస్తాయి. కొందరికి అది క్యాన్సర్‌గా మారుతుంది. వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్న సంగతే ఇది. ఇంట్లో చుట్టుకున్న చుట్టకు ప్యాకెట్టూ ఉండదు, నంబరూ ఉండదు. ఉన్నా చాలామంది చదవలేరు. పైగా ఇంట్లో ఫోన్ కొడుకు జేబులోనో, మనవడి చేతిలోనో ఉంటుంది.

ఫోన్‌లో అటువైపు కౌన్సెలర్ చేసే పని మాత్రం నిజంగా గొప్పది. ఎన్నాళ్ల అలవాటు, పొద్దున లేచిన ఎంతసేపటికి నోరు లాగుతుంది, ఇంతకుముందు మానినప్పుడు ఏం జరిగింది అని అడుగుతారు. మానే రోజు ఒకటి ఖాయం చేయిస్తారు. ఆ తర్వాత వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు. మొదటి వారమే గండం: చిరాకు, నిద్రపట్టకపోవడం, టెన్షన్. లాగిన ప్రతిసారీ కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే ఆ ఊపు తగ్గుతుంది. ఆ సమయంలో ఒక మనిషి గొంతు వినిపిస్తే ఎంత ధైర్యమో మానిన వాళ్లకు తెలుసు.

అందుకే ఆ నంబరును ప్యాకెట్టుకే వదిలేయకూడదు. బీపీ, షుగర్ చూడటానికి ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ‘చుట్ట తాగుతావా అమ్మా’ అని కూడా అడగాలి. అవునంటే అక్కడే తన ఫోన్‌లో నంబరు కలిపి, ఆమె చేతికిచ్చి, మాట్లాడటం అయ్యేదాకా పక్కన కూర్చోవాలి. కౌన్సెలర్ తిరిగి చేసే కాల్ కూడా ఆశా ఫోన్‌కే రావాలి.