మహారాజశ్రీ జెట్ స్కీ ఇంజను గారికి

మహారాజశ్రీ జెట్ స్కీ ఇంజను గారి దివ్య సముఖమునకు తిరుపతి నుంచి మీ యజమానినని చెప్పుకుంటున్నవాడు రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. ఇక్కడ మేము క్షేమంగా లేము. అక్కడ పెరట్లో టార్పాలిన్ కప్పుకుని మీరూ క్షేమంగా లేరు. ఇకమీదట చనువుగా "నువ్వు" అంటాను. నీమీద పెట్టిన ఖర్చుకి ఆమాత్రం హక్కు నాకుంది.

తిరుపతివాడికి జెట్ స్కీ, అదే నీళ్ళమీద పరిగెత్తే స్కూటరు, ఎందుకురా అని వీధి వీధంతా అడిగింది. న్యాయమే. మా స్వర్ణముఖిలో నీళ్ళ కంటే ఇసుక కనబడే నెలలే ఎక్కువ. పాత చిత్తూరు జిల్లాకి కొండలున్నాయి, మామిడితోటలున్నాయి, సముద్రం మాత్రం లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నెల్లూరు వైపు నుంచి కాస్త సముద్రం తిరుపతి జిల్లా వాటాకొచ్చింది. వాకాడు మండలం తూపిలిపాళెం బీచ్ మాదైపోయింది. "బావా, సముద్రమొచ్చేసింది, ఇంక బండొక్కటే తక్కువ" అన్నాడు మా బావమరిది. భాగపరిష్కారంలో కుంట వస్తే ముందు పడవ బేరమాడే రకం వాడు.

అట్లా నువ్వొచ్చావు, సెకండ్ హ్యాండులో. జెట్ స్కీ అన్నది నిజానికి కవాసాకి వాళ్ళ బండి పేరు, డాల్డా మాదిరి అందరికీ అంటుకుపోయింది. నువ్వే కంపెనీదానివో మాత్రం ఇక్కడ రాయను, నీ పరువు నాకు ముఖ్యం. నీళ్ళ బండికి కిలోమీటర్లుండవు, తిరిగిన గంటలే లెక్క. "ఇరవై గంటలే తిరిగింది సార్, మీటరే పాడైంది" అన్నాడు అమ్మినాయన. ఆయన్ని కాణిపాకం తీసుకెళ్ళి, కోనేట్లో ముంచి, వినాయకుడి ఎదుట ప్రమాణం చేయించి ఉండాల్సింది. అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాం.

మొదటి వారం నువ్వు మౌనవ్రతం పట్టావు. సెల్ఫ్ నొక్కితే కిక్కురుమనలేదు. బ్యాటరీ విప్పి రాత్రంతా చార్జింగు పెట్టించాం, 12.6 వోల్టులు చూపించింది. వైర్లు గీకాం. ఫ్యూజులు మార్చాం. మూడోరోజు మా బావమరిది కూతురు మెలికల ఎర్రతాడు ఒకటి మెడలో వేసుకుని ఆడుకుంటోంది. కీచైను అనుకున్నాం. అదే నీ ప్రాణం! నడిపేవాడు నీళ్ళలో పడితే వాడి చేతికున్న ఆ తాడు క్లిప్పుని లాగేసి నిన్ను ఆపాలి కాబట్టి, క్లిప్పు లేకపోతే నువ్వసలు పలకనే పలకవు. ఇంత చిన్న ముక్క బ్యాటరీ షాపులో ఒక్కడూ చెప్పలేదు. బ్యాటరీ అమ్ముతానన్నవాళ్ళు మాత్రం ముగ్గురు.

రెండోది నీ తప్పు కాదని ఒప్పుకుంటున్నాను, కానీ పెద్దగా చదవకు. నీకు రేడియేటరు లేదు. నీ పంపు లాగే నీళ్ళలోనే కొంచెం పైపుల్లోంచి తిరిగి నిన్ను చల్లబరుస్తుంది. నేలమీద కడగాలంటే హోసు తగిలించాలి. దానికొక వరస ఉంది: ముందు ఇంజను స్టార్టు చెయ్యాలి, తర్వాత కొళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కొళాయి, తర్వాత ఇంజను. మా బావమరిది బోరు నీళ్ళు ఫుల్లుగా వదిలేసి, తీరిగ్గా కాఫీ తాగొచ్చి సెల్ఫ్ నొక్కాడు. ఇంజను ఆడకపోతే ఆ నీళ్ళని బయటికి తోసే దిక్కు లేదు, సైలెన్సరు వైపు నుంచి వెనక్కెక్కి సిలిండర్లోకి పోయాయి. గాలిని నొక్కినట్టు నీళ్ళని నొక్కలేవు కదా, పిస్టన్ టక్కుమని ఆగిపోయింది. ఇంకో రెండుసార్లు మొండిగా నొక్కి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగేదట.

అప్పుడు దిగాడు మా మెకానిక్ అన్న. ఆరెక్స్ 100 బండ్లు విప్పి విప్పి జుట్టు నెరిసినవాడు. "టూ స్ట్రోక్ నేలమీదైనా టూ స్ట్రోకే, నీళ్ళలోనైనా టూ స్ట్రోకే" అని నీ రెండు ప్లగ్గులూ విప్పి, వైర్ల కొనలు బాడీకి ఆనించి, మమ్మల్ని పక్కకి జరగమని సెల్ఫ్ కొట్టాడు. జరగమన్నది మా బావమరిది వినలేదు. కపిలతీర్థం వానాకాలంలో ఎట్లా దూకుతుందో అట్లా సిలిండర్లో నీళ్ళన్నీ వాడి మొహాన దూకాయి. ఆ ఒక్క క్షణానికి నీ తప్పులన్నీ మాఫీ చేద్దామనుకున్నాను.

తర్వాత ఆ అన్న ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. "ఇది పెట్రోలు గాదన్నా, కషాయం" అన్నాడు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలే. అది గాలిలోని తేమని తాగుతుంది. తుపానుల కాలమంతా నిన్ను వాడకుండా వదిలేస్తే, నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకి చేరాయి, కార్బురేటర్ జెట్లు, అంటే పెట్రోలు పోయే సన్న బెజ్జాలు, జిగటపట్టి మూసుకుపోయాయి. అంతా పారబోసి, జెట్లు ఊది, లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి కొత్త పెట్రోలు పోశాడు. బుర్రుమన్నావు. వీధిలో కుక్కలన్నీ లేచాయి. మా ఊళ్ళో గంగమ్మ జాతరకి వేషం కట్టి ఎవరినైనా తిట్టొచ్చు. నీకోసం దాచుకున్న తిట్లు ఆ రాత్రికి మర్చిపోయాను.

ఇంక ప్రారంభోత్సవం. పొద్దున్నే బయల్దేరాం. దార్లో శ్రీకాళహస్తిలో నీకు రాహుకేతు పూజ చేయిద్దామని మా అత్త పట్టుబట్టింది. ఇంజనుకి నక్షత్రం ఏం చెప్పాలో తెలియక మానుకున్నాం. ఆమె ఊరుకుంటుందా, తూపిలిపాళెంలో నీకు బొట్టు పెట్టి, హారతిచ్చి, ఆరు మూరల బంతిపూల మాల హ్యాండిలుకి వేసింది.

వంద గజాలు పోయావు. తర్వాత అరుపులే అరుపులు, కదలిక లేదు. "క్లచ్ ప్లేట్లు పోయింటాయి" అని ఒడ్డున నిలబడ్డ ప్రతివాడూ అన్నాడు. నీకసలు క్లచ్చే లేదని ఎవరికి చెప్పను? కింద జల్లెడలోంచి నీళ్ళు పీల్చి, లోపల తిరిగే చక్రంతో వెనక్కి చిమ్మి ముందుకెళ్ళడమే నీకు తెలిసిన విద్య. ఆ దారిలో ఏం అడ్డుపడినా నురగ తప్ప తోపుండదు. తాడేసి ఒడ్డుకి లాగాం. "ఈ వలలోళ్ళ దారాలే బావా" అన్నాడు మావాడు, వలలవాళ్ళ ఎదురుగానే.

అక్కడున్న చేపలాయన, పెద్దవయసు, ఏమీ అనలేదు. ఇంజను ఆపించి, ఆ ఎర్రతాడు క్లిప్పు తన చేతిలో పెట్టుకుని, నిన్ను పక్కకి ఒరిగించమన్నాడు. నీ మీద అతికించిన బాణం గుర్తు ఎటుందో చూసి, అటువైపే. రెండోవైపు ఒరిగిస్తే సైలెన్సరులో మిగిలిన నీళ్ళు మళ్ళీ సిలిండర్లోకి పోతాయి, ఆ సంగతి ఆయన చదివింది కాదు, చూసింది. జల్లెడ సందులోంచి వేళ్ళు పెట్టి మెల్లిగా లాగాడు. షాఫ్టుకి చుట్టుకున్న దారం మూరలు మూరలుగా వచ్చింది.

"మా వల దారానికి చేపల వాసనొస్తాది నాయనా. ఇది బంతిపూల వాసనేస్తాంది."

మా అత్త వేరేవైపు తిరిగి సముద్రం చూస్తూ నిలబడింది.

కాబట్టి ఇంజను గారూ, ఈ ఆదివారం మళ్ళీ వస్తున్నాం. జల్లెడ కడిగాను, కొత్త ప్లగ్గులు రెండు డబ్బాలో పెట్టుకున్నాను, ఎర్రతాడు నా మణికట్టుకే ఉంది, దాంతోనే పడుకుంటున్నాను. ఈసారి బొట్టు మాత్రమే, మాల లేదు అని ఇంట్లో గట్టిగా చెప్పాను.

ఇది రాస్తుండగానే మా అత్త ఫోను చేసింది. దిష్టి బలంగా ఉందట, తొమ్మిది మూరలు చెప్పిందట.

ఇట్లు,
నీ కాడ చేతులెత్తేసిన
తిరుపతివాడు